ఎంగిలి పడని ద్రాక్ష

అక్టోబరు 3

ఇవాళ వీధి వీధంతా నన్ను పిసినారి అంది. మొహం మీద అనే దమ్ము ఒక్కరికీ లేదు. టీ గిన్నెలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడల చాటున నిలబడి అన్నారు. అననీ. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసుకుంటాను. లేకపోతే రేపటికి వాళ్ళు చెప్పిందే నాకూ నిజమనిపిస్తుంది.

ద్రాక్ష నిలవ ఉంచడానికి మా పెరట్లో కట్టిన చల్లగదికి మొదటి పెట్టె నోర్మత్ తాత తెచ్చాడు. వీధికి పెద్ద ఆయన. మా పార్కెంత్ మొత్తంలో అంత మంచి టోయ్‌ఫీ ద్రాక్ష ఇంకో తోటలో లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. గులాబి రంగు గుత్తులు, పండు పండుకీ తెల్లటి పొడి చెదరకుండా ఉంది. ఎంత జాగ్రత్తగా కోశాడో! పెట్టె దించి, బిస్మిల్లా అని, పై గుత్తిలోంచి ఒక పండు పుటుక్కున తెంపి నా నోటి ముందు పెట్టాడు.

"ఎంగిలి పడు కోడలా. నీ గదిలో అడుగుపెట్టిన మొదటి పండు. శుభం."

మా దగ్గర మర్యాదంటే ఇదే. తోటలోకి వచ్చినవాళ్ళు, గుమ్మంలోకి వచ్చినవాళ్ళు, పని మీద వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే ఎంగిలి పడకుండా కదలకూడదు. పడనివాళ్ళకు పొగరు. పడనివ్వనివాళ్ళు పిసినారులు. రెండోదాని కన్నా మొదటిదే నయం.

నేను నోరు తెరవలేదు.

"తాతా, ఈ గుత్తి లోపలికి రాదు. తీసెయ్యండి. మిగతా పెట్టె బంగారం."

"ఏమైంది గుత్తికి?"

"పండు తెంపారు. తెంపిన చోట తొడిమకి గుజ్జు అంటుకుని తడి కుచ్చు మిగులుతుంది, చూడండి. ఆ తడి చాలు బూజుకి. అక్కడ పుట్టి పక్క పండుకి, దాన్నుంచి పక్క గుత్తికి, పక్క పెట్టెకి పాకుతుంది. ఫిబ్రవరి దాకా ఉంచాల్సిన సరుకు."

"అంటే నా చెయ్యి బూజంటావు!"

"చెయ్యి కాదు తాతా, తెంపడం. కత్తెరతో తొడిమ ఉంచి కోసుకుంటే పేచీ లేదు."

"డెబ్బై ఏళ్ళ నుంచి ద్రాక్ష తింటున్నాను, కత్తెరతో తినమని ఇవాళే విన్నాను" అన్నాడు. పండు తన నోట్లోనే వేసుకుని, పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. వరసలో నిలబడ్డ వాళ్ళందరూ దారి ఇచ్చారు. అత్తమ్మ నా వెనకే టీ కూజాతో నిలబడి ఉంది. ఆమె కూజాలో టీ ఎవరూ పోయించుకోలేదు.

నేను తప్పు చెయ్యలేదు. పెళ్ళికి ముందు తాష్కెంట్ దగ్గర పెద్ద గిడ్డంగిలో పని చేశాను. బూజు ఎక్కడ మొదలవుతుందో ఈ కళ్ళతో చూశాను. ఏటేటా కోతల్లో వర్తకుడు వచ్చి ఒక ధర పారేస్తాడు, మేం తల వంచుకుని ఇస్తాం. ఎందుకంటే ద్రాక్ష ఆగదు. ఈ ఏడాది ఆపుతానని వీధికి మాటిచ్చాను. మార్చిలో వచ్చే నవ్రూజ్ పండగ ముందు, ద్రాక్ష ఎక్కడా దొరకని రోజుల్లో అమ్ముదామన్నాను. నమ్మారు. అందరి తోటల కష్టం నా గదిలో ఉంటుంది. కుళ్ళితే అందరిదీ కుళ్ళుతుంది, నేను ఈ వీధిలో తలెత్తుకుని నడవలేను.

మర్యాదట! మర్యాదకి ఏం, నోటితో పోతుంది. బూజు అలా పోదు.

అక్టోబరు 4

అత్తమ్మ మాట్లాడలేదు. నాకేం.

అక్టోబరు 6

అత్తమ్మ కోడితో మాట్లాడుతోంది. పొద్దున నేను పెరట్లో ఉండగానే దాన్ని పిలిచి, "చూశావుటే, మా ఇంటికొచ్చిన మనిషి నోరు ఎండబెట్టుకుని పోయాడు. నా పెళ్ళైనప్పటి నుంచి జరగనిది" అంది. కోడి నా వైపు చూసింది. దానికి కూడా నేనే లోకువ.

ఇల్హోంకి చెప్పాను, మీ అమ్మకి నచ్చచెప్పమని. నా మొగుడు తలూపాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళాడు, ఆవిడ చెప్పింది విన్నాడు, తలూపాడు. వెనక్కి వచ్చి, "ఇద్దరిదీ నిజమే" అని లారీ టైర్లు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ టైర్లకి ఏ జబ్బూ లేదు.

అక్టోబరు 7

నోర్మత్ తాత పెట్టెలు పెరటి గేటు వైపు నుంచి వచ్చాయి. కోడళ్ళు మోసుకొచ్చారు. తాత రాలేదు. "మామయ్యకి తెలియదు" అన్నారు. తోట మొత్తం ఖాళీ అయితే తెలియదా! పైన ఒక్క గుత్తి కూడా తెంపింది లేదు. వెతికి మరీ చూశాను.

అక్టోబరు 9

గది తలుపు మీద సుద్దతో రాశాను: ఇక్కడ ఎవరూ ఎంగిలి పడరాదు. ఇల్హోం చూసి, "దయచేసి అని చేర్చు" అన్నాడు. చేర్చలేదు.

నిన్న గేటు దగ్గర పెద్ద పళ్ళెం పెట్టాను. చితికినవి, పెట్టెలకి పనికిరానివి కావు, మంచి గుత్తులే, కడిగి పెట్టాను. తినండి బాబూ, కడుపు నిండా తినండి, పెట్టెల జోలికి రాకండి, అంతే కదా నేనడిగింది! ఒక్కరూ ముట్టలేదు. జుమ్రద్ ఎందుకో చెప్పింది. జుమ్రద్ పక్కింటి పిల్ల, ఏరివేతలో నాకు కుడిచెయ్యి.

"పళ్ళెంలో పెడితే దానం అక్కా. పెట్టెలోంచి తీసి ఇస్తే గౌరవం. నీకు ఇంకా తెలియకపోతే ఎట్లా?"

"తెలుసు. మార్చాలనుకున్నాను."

"మార్చు మరి. ఈగలు మారాయి, నిన్నటి నుంచి ఇక్కడే ఉంటున్నాయి."

అత్తమ్మ కోడితో అంది, "ఇకమీద మనుషులకీ పళ్ళెమే, నీకు పెట్టినట్టే."

అక్టోబరు 17

ఆడవాళ్ళందరూ మూతులకి రుమాళ్ళు కట్టుకుని పనికి వచ్చారు. జుమ్రద్ ముందు. గది ముందు వరసగా నిలబడి, "నోళ్ళు కట్టేసుకున్నాం, ఇక నీకు భయం లేదు" అన్నారు రుమాళ్ళలోంచే. ఇది నన్ను ఏడిపించడానికని నాకు తెలియదా?

"బాగుంది. కబుర్లు తగ్గుతాయి, పని తెములుతుంది" అన్నాను.

 ముందు ఒకరు నవ్వారు, రుమాలు ఊడింది, అందరూ నవ్వారు. పని బాగా సాగింది. గుత్తిని తొడిమ దగ్గర పట్టుకుని, పండు మీద పొడి చెదరకుండా, చెడ్డ పండుని కత్తెరతో తీసి, పెట్టెలో పరుస్తారు. చేతులు చాలా నేర్చుకున్నాయి. ఒకావిడ మొన్నటిదాకా ప్రతి గుత్తినీ తలగుడ్డ అంచుతో తళతళ తుడిచేది, అతిథికి పెట్టే పండు దుమ్ముగా ఉండకూడదని. అది దుమ్ము కాదమ్మా, దాని చొక్కా అంటే ఇప్పుడు వింటోంది.

పాట కూడా పాడారు. పిసినారి కోడలు అని ఏదో. బాణీ బాగానే ఉంది.

అక్టోబరు 28

అన్ని పెట్టెలూ లోపల ఉన్నాయి. ముందు పండు బాగా చల్లారనిచ్చాం, తర్వాత బూజు పట్టకుండా గంధకం కాగితాలు పరిచి మూశాం. వేడి పండు మీద కాగితం మూస్తే చెమట పడుతుంది, అది ఎంగిలి కన్నా పెద్ద చేటు. ఇక తలుపు తీసేది వారానికోసారి, నేనే, ముక్కుతో చూసి రావడానికి. గదికి తాళం వేసి చెవి వంటింటి మేకుకి తగిలించాను.

నోర్మత్ తాత వీధి మలుపులో ఎదురయ్యాడు. సలాం చెప్పాను. ఆయన నా వెనకున్న గోడకి సలాం చెప్పాడు.

నవంబరు 12

ఈ రోజు గది గురించి అసలు ఆలోచించలేదు. గోడకి చెవి పెట్టి మిషను చప్పుడు విన్నాను, అంతే.

నవంబరు 13

మళ్ళీ విన్నాను. బాగానే ఉంది. ఆలోచించలేదు.

నవంబరు 30

మంచు పడింది. అత్తమ్మ నాకు ఉన్ని మేజోళ్ళు అల్లింది. ఇవ్వలేదు, నా చెప్పుల మీద పెట్టి పోయింది. కోడికి చెప్పింది, గదిలోకి వెళ్ళేవాళ్ళ కాళ్ళు గడ్డకడితే ఇంటికి ఎవరు వండుతారని. నేను కూడా కోడికే చెప్పాను, చాలా వెచ్చగా ఉన్నాయని.

డిసెంబరు 10

కాగితం చిరిగేట్టు రాస్తున్నాను. కోపానికి. వేరే దేనికీ కాదు.

నేను బజారుకి వెళ్ళాను. ఆ సమయంలో మా ఆడపడుచు అత్తవారు వచ్చారు, చెప్పకుండా. వియ్యాలవారు! అత్తమ్మ రొట్టె పరిచింది, బాదం పెట్టింది, పలావు పెట్టింది. అదంతా చాలలేదు. వంటింటి మేకు మీంచి తాళం చెవి తీసుకుని, అందరినీ చల్లగదిలోకి తీసుకెళ్ళింది. మంచు కురుస్తుంటే తాజా ద్రాక్ష! ఎవరి ఇంట్లో ఉంటుంది? మూతలు ఎత్తి, కాగితాలు తీసి, తలా ఒక గుత్తిలోంచి తెంపుకుని తిన్నారు. ఈ పెట్టెలో ఒకటి, ఆ పెట్టెలో ఒకటి. వియ్యంకుడు చాలా మెచ్చుకున్నాడట.

నేను వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. గదిలో సమోవార్ టీ వాసన, అత్తరు వాసన.

"ఏ పెట్టెలు అత్తమ్మా?"

రెండు నెలల తర్వాత నా మొహం చూసి మాట్లాడింది.

"వియ్యాలవారు తిన్నది గుర్తు పెట్టుకుంటారా ఎవరైనా? మా అమ్మ పెట్టుకోలేదు. నేను పెట్టుకోను."

"మీరు చెప్పకపోతే అన్నీ విప్పి చూడాలి. విప్పితే చల్లదనం పోతుంది, గంధకం పోతుంది. ఇది మన ఒక్కరి ద్రాక్ష కాదు!"

"అతిథి చెయ్యి తగిలిన చోట కుళ్ళు పుడుతుందా? నా ఇంట్లో నా వియ్యంకుడి చెయ్యి తగిలితే కుళ్ళు పుడుతుందా? ఆ మాట అను. నా కళ్ళలోకి చూసి అను."

"పుడుతుంది."

అన్నాను. కళ్ళలోకి చూసే అన్నాను. ఇల్హోం అప్పుడే లోపలికి వచ్చాడు, ఇద్దరి మొహాలూ చూశాడు, వచ్చిన కాళ్ళతోనే బయటికి వెళ్ళాడు. ఈసారి టైర్ల సాకు కూడా చెప్పలేదు.

డిసెంబరు 11

జుమ్రద్, నేనూ వెతికాం. నేను కాగితం మడిచే పద్ధతి వేరు, అత్తమ్మ మడిచే పద్ధతి వేరు. ఆవిడ బల్ల మీద గుడ్డ పరిచినట్టు నాలుగు మూలలూ లోపలికి దోపుతుంది. అలా దోపిన పెట్టెలన్నీ బయటికి లాగాం. మూత తీస్తే ప్రతిదాంట్లో తడి కుచ్చులే.

గదికి అవతలి కొట్టులో, చలిలోనే, వాటిని విడిగా పెట్టాను. అత్తమ్మ గుమ్మంలోంచి చూసింది.

"పెట్టు, పెట్టు. నవ్రూజ్‌కి ముందు ఆ పెట్టెలే తెరిపిస్తాను. తాతలూ పిల్లలూ అందరి ముందూ తింటాను. అప్పుడు చూసుకుందాం ఎవరి చెయ్యి ఏమిటో."

"చూసుకుందాం."

ఏడవలేదు. ఉల్లిపాయలు కోశాను. చాలా కోశాను, వారానికి సరిపడా.

డిసెంబరు 25

తాళం చెవి నా మెడలో ఉంది. స్నానానికి కూడా తియ్యను. తుప్పు పట్టినా సరే.

జనవరి 8

కొట్టు తెరిచాను.

ఎక్కడ పండు తెంపారో అక్కడే. తడి కుచ్చు చుట్టూ పండ్లు బూడిదరంగు ఊలు కప్పుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కిందివి మెత్తబడి నీరు కారుతున్నాయి. కొన్ని పెట్టెల్లో పక్క గుత్తులకి పాకింది. చల్లగదిలోవి కూడా పైవి తెరిచి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. తొడిమలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

సంతోషపడాలి కదా? నేను చెప్పిందే నిజమైంది. వంటింట్లోకి వెళ్ళి అత్తమ్మతో అన్నాను, "రండి, మీ వియ్యాలవారిని చూసుకోండి."

అనకూడని మాట. అన్నాను. వెనక్కి తీసుకోను.

ఆవిడ వచ్చింది. పెట్టె ముందు చతికిలబడింది. ఒక గుత్తి చేతిలోకి తీసుకుంది, ఊలు వేళ్ళకి అంటింది. నేను ఇంకా చాలా అనాలని తయారై వచ్చాను. తట్ట తెచ్చి పక్కన పెట్టాను. ఆవిడ తలగుడ్డ చించి ఆ గుత్తి చుట్టింది, మిగతావీ తట్టలోకి ఎత్తించి, ఆప్రికాట్ చెట్టు వెనక గడ్డకట్టిన నేల తనే గునపంతో తవ్వింది. ఇల్హోం సాయానికి వెళితే గదిమి పంపింది. పూడ్చి, చేతులు కడుక్కుని, లోపలికి వచ్చి పిండి కలిపింది.

ఇవాళంతా కోడితో కూడా మాట్లాడలేదు.

జనవరి 9

బాగా జరిగింది. ఇప్పటికైనా తెలిసింది. చాలా బాగా జరిగింది.

జనవరి 11

పలావు బాగుందని కోడికి చెప్పాను. అత్తమ్మ వినలేదు, లేదా విననట్టు ఉంది.

ఫిబ్రవరి 19

సరిహద్దు అవతలి ఆల్మటీ నుంచి మా ద్రాక్ష కొనే దౌరెన్ వచ్చాడు. ఫోనులో బేరం ఎప్పుడో కుదిరింది, సరుకు చూసి లారీ పంపిస్తానన్నాడు. పెద్ద మనిషి, పెద్ద కోటు, పెద్ద నవ్వు. వీధి మొత్తం మా గేటు ముందే ఉంది. మొదటి పెట్టె తెరిచాడు, ఒకటి తెంపుకుని నోట్లో వేసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు.

"తేనె! ఫిబ్రవరిలో తేనె!"

బయట జనం గుసగుసలాడారు. నాకు ఛాతీ పొంగింది, ఎందుకు దాచాలి. ఆ పెట్టె పక్కన పెట్టించాను. ఆయన రెండో వరసలో ఇంకో పెట్టె తెరిచి తెంపాడు. అదీ పక్కన పెట్టించాను. మూడోది. అదీ. నాలుగోదాని మూత మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఒక పెట్టె మీకే ఇస్తాం, కూర్చుని మొత్తం తినండి. మిగతావాటికి కళ్ళు చాలు."

"రుచి చూడకుండా కొంటారా చెల్లెమ్మా? నేను ప్రతి వరసలో చూస్తాను. పైన మంచివి, కింద చెత్త పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను."

"కింద పెట్టె కావాలంటే కిందది తీసిస్తాను. కానీ తెంపిన పెట్టె ఏదీ లారీ ఎక్కదు. మీరు ప్రతి వరసలో తెంపితే మీ ఊరు చేరేసరికి ప్రతి వరసలో బూజు."

"ఆ తిప్పలు నావి."

"మీవి కావు. బజార్లో పెట్టె తెరిచి బూజు చూస్తే జనం అనేది పార్కెంత్ ద్రాక్ష కుళ్ళిందనే. నా పేరు అనరు, మీ పేరు అంతకంటే అనరు. మా ఊరి పేరు అంటారు."

నవ్వాడు. నవ్వుతూనే నాలుగో మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టాడు. నేను మూత వేసేశాను. ఆయన చేతి మీద. గట్టిగా కాదు. కొంచెం గట్టిగానే.

"ఇరవై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. ఎంగిలి పడొద్దన్న ఇల్లు ఇదే చూడ్డం" అన్నాడు. కోటు దులుపుకుని కారెక్కాడు. ఎవరూ ఆపలేకపోయారు. ఇల్హోం కారు వెనక కొంచెం దూరం పరిగెత్తాడు.

అతిథిని గుమ్మంలోంచి పంపేశాను. మళ్ళీ వస్తే మళ్ళీ మూత వేస్తాను.

ఫిబ్రవరి 20

వాళ్ళు వస్తారని తెలుసు. తోపుడుబండ్లతో వచ్చారు. ముందు నోర్మత్ తాత. అక్టోబరు నుంచి మా గేటు దాటని మనిషి ఇవాళ దాటాడు.

"ఎవరి పెట్టెలు వాళ్ళం తీసుకుంటాం. నీ పాలన చాలు."

ఎండ కాస్తోంది. చలికాలంలో ఎప్పుడో ఒక రోజు వచ్చే దొంగ ఎండ, ఇవాళే రావాలా? ఆ చల్లటి పండుని ఈ ఎండలోకి తీస్తే పండు పండుకీ చెమట పడుతుంది. సాయంత్రానికి తడి, వారానికి బూజు. వీధిలో ఇంటింటికీ ఒక కుళ్ళు గుట్ట.

"ద్రాక్ష మీది, కాదనను. ఇవాళ మాత్రం తియ్యొద్దు. ఎండ పోనివ్వండి" అన్నాను. ఎంత గట్టిగా అందామనుకున్నానో అంత సన్నగా వచ్చింది గొంతు. అది నాకు చాలా కోపం తెప్పించింది.

"కొనేవాణ్ణి తరిమావు. ఇప్పుడు మాకే చెప్తావా? పక్కకి జరుగు."

జరగలేదు. తలుపుకి వీపు ఆనించాను. తాత మనవళ్ళు ముందుకి వచ్చారు, చిన్నప్పటి నుంచి చూసిన పిల్లలే, నా కళ్ళలోకి చూడలేక నా చెప్పులు చూస్తున్నారు.

అప్పుడు అత్తమ్మ వచ్చింది. ఒక చేతిలో ముక్కాలి పీట, ఒక చేతిలో క్యారెట్ల గిన్నె. నన్ను భుజంతో పక్కకి నెట్టి, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, కూర్చుని, క్యారెట్లు తరగడం మొదలుపెట్టింది.

"దాటుకుని వెళ్ళండి" అంది తల ఎత్తకుండా.

పెద్దావిడని దాటుకుని ఎవరు వెళతారు?

"లే హోజర్" అన్నాడు తాత. "నీ కోడలు వీధి పరువు తీసింది."

"నా కోడలు పిసినారే. కాదని నేనన్నానా? నాలుగు నెలలుగా ఆ పిసినారితో ఒక కప్పు కింద ఉంటున్నాను, నాకు తెలియదా? ఆ బాధ నాది. మీకేం పోయిందన్నా?"

"కొనేవాడు పోయాడు!"

"వాడు కాకపోతే ఇంకొకడు. పండు పోతే ఇంకో పండు చూపించు." కత్తి ఆగింది. "డిసెంబరులో నా వియ్యాలవారిని ఈ గదిలోకి తీసుకొచ్చాను. తెంపి తినమన్నాను. మీ అందరి పెట్టెలే అవి. నెల తిరిగేసరికి బూజు ఊలు కప్పుకున్నాయి. ఈ చేతులతో గొయ్యి తవ్వి పూడ్చాను. నేను చేసింది అది. ఈ పిల్ల మీకు చెప్పలేదు, నా పరువు కోసం. మీ లెక్కలో పెట్టెలు తగ్గితే నన్నడగండి."

మనవళ్ళు తోపుడుబండ్ల దగ్గరికి వెనక్కి జరిగారు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. వాళ్ళకి చెప్పకపోవడం ఆవిడ పరువు కోసమా? నేను అలా అనుకోలేదు. కానీ చెప్పలేదన్నది మాత్రం నిజం.

తాత చాలాసేపు క్యారెట్లు చూశాడు. "సరే. మరి ఎవరు అమ్ముతారు?"

అందరూ ఇల్హోం వైపు చూశారు, ఇద్దరిదీ నిజమే అంటాడేమోనని. నేనూ అదే అనుకున్నాను.

"నేను తీసుకెళ్తాను" అన్నాడు. "ఆల్మటీకి. నా లారీలో. దౌరెన్‌కి కాదు, నేరుగా బజారుకి. టైర్లు బాగున్నాయి."

ఫిబ్రవరి 21

టైర్లు బాగున్నాయట! ఎంత నవ్వానో. ఇన్నాళ్ళూ ఆ టైర్లని చూసుకున్నది వృథా పోలేదు.

అత్తమ్మ ఇంకా నాతో మాట్లాడలేదు. నాకు పట్టింపు లేదని రాయబోయాను. ఉంది.

ఫిబ్రవరి 23

ఎండ రాకముందే, గడ్డకట్టే చలిలో ఎక్కించాం. అలా అయితే చెమట పట్టదు. దారిలో మంచు మరీ ఎక్కువైతే పండు గడ్డకడుతుంది, దానికేం కప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆడవాళ్ళు పరుపులు తెచ్చారు. పాతవి కాదు. అతిథులు వస్తేనే తీసే పట్టు పరుపులు, పెళ్ళిళ్ళనాటివి. లారీ గోడలకి అవే కట్టారు, పెట్టెల మీద అవే కప్పారు. "ఇంత మెత్తగా నా మొగుడు కూడా పడుకోలేదు" అంది ఒకావిడ.

దారిలో ఆపేవాళ్ళకీ, సరిహద్దులో చూసేవాళ్ళకీ పెట్టడానికి ఇల్హోం సీటు పక్కన ఒక పళ్ళెం నిండా గుత్తులు పెట్టించింది అత్తమ్మ. పెట్టెలు ముట్టుకోనివ్వద్దని మూడుసార్లు చెప్పింది కొడుక్కి. నేను ఒక్కసారే చెప్పాను.

నోర్మత్ తాత చేతులెత్తి ప్రార్థించాడు. ఆమీన్ అని అందరం అరచేతులతో మొహాలు తుడుచుకున్నాం. అలవాటు కొద్దీ అందరి చేతులూ పెట్టెల వైపు వెళ్ళబోయాయి. నేను చూస్తున్నాను. ఒక్కరూ తెంపలేదు. నా చూపుకి భయపడి కావచ్చు. కావచ్చేమిటి, అందుకే.

ఫిబ్రవరి 24

ఫోను రాలేదు. సరిహద్దులో సిగ్నల్ ఉండదు.

ఫిబ్రవరి 25

ఉండదు సిగ్నల్. అందరికీ తెలిసిన విషయమే.

ఖాళీ గది కడిగాను. గోడలు, నేల, తలుపు. సుద్దతో రాసింది కూడా పోయింది, పోనీ. ఒకవేళ అక్కడ పెట్టె తెరిస్తే బూడిదరంగు కనిపిస్తే? కనిపించనీ. తాతకి నేనే వెళ్ళి చెప్తాను, గోడకి కాదు, మొహానికే. మళ్ళీ ఏడాది మళ్ళీ గది నింపుతాను. ఎవరూ ఇవ్వకపోతే నా తోట ఒక్కటే నింపుతాను. ఎవరూ తెంపడానికి వీల్లేదని మళ్ళీ రాస్తాను, ఈసారి రంగుతో.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. అత్తమ్మకీ.

ఫిబ్రవరి 26

ఫోను వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, పోనిచ్చాను. వంటింట్లో అత్తమ్మ, జుమ్రద్, జుమ్రద్ వాళ్ళమ్మ, ఎవరు పిలిచారో తెలియదు, నోర్మత్ తాత కూడా గుమ్మంలో. ఫోను గట్టిగా పెట్టాను అందరికీ వినపడేట్టు.

"బజార్లో ఉన్నాను" అన్నాడు ఇల్హోం. వెనక అంతా గోల. "విప్పాను సనోబర్. పై వరస, మధ్య వరస, అడుగు వరస."

"ఊఁ."

"ఏమీ లేదు. ఒక్క చోట కూడా లేదు. తొడిమలు పచ్చగా ఉన్నాయి. పొడి కూడా చెదరలేదు. ఇవి నిన్న కోశారా అని అడుగుతున్నారు."

తాత గుమ్మాన్ని పట్టుకున్నాడు. 

"ఇక్కడ ఒక చిక్కు వచ్చింది" అన్నాడు ఇల్హోం. "జనం మూగారు. ఒక ముసలావిడ చెయ్యి చాపి పండు తెంపబోయింది. నేను మూత వేసేశాను, నువ్వు వేసినట్టే. తిట్టిపోస్తోంది. ఏం చెయ్యను?"

అత్తమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"మూత వేశావా? పెద్దావిడ చేతి మీద? సిగ్గులేనివాడా, నిన్ను పెంచింది ఇందుకా! పండు తినేవాళ్ళని చేరాక కూడా మూతేమిట్రా! తెరువు! అన్నీ తెరువు! ఎంగిలి పడమను, ఆవిడని ముందు, తర్వాత అందరినీ! వచ్చినవాళ్ళనీ, పోయేవాళ్ళనీ!"

"అమ్మా, సనోబర్ ఏమంటుందో..."

"సనోబరే చెప్తోంది!" అని అరిచాను నేను. "తెంపమను! ఎన్ని కావాలంటే అన్ని తెంపమను!"

అటు కాసేపు గోల, మూత చప్పుడు. తర్వాత ఫోనుకి చాలా దగ్గరగా ఎవరో పండు కొరికిన చప్పుడు వినిపించింది, ముసలి గొంతు ఒకటి బిస్మిల్లా అంది, ఆ పైన, "అయ్యో, ఎంత బాగుందో!" అంది.

అత్తమ్మ ఫోను నా చెవికి ఆనించింది.

"విన్నావా పిసినారీ? ఎంగిలి పడుతున్నారు."

"విన్నాను అత్తమ్మా" అన్నాను.